పిడికెడు మెంతులు

మా కొట్లో ఆవకాయ సరుకు కొనేవాళ్ళు మెంతులు అడగరు. ఆవాలు, ఎండుమిరపకాయలు, రాళ్ళ ఉప్పు, నువ్వులనూనె అన్నీ కాటా మీద తూచి, సంచిలో సర్ది, డబ్బులు గల్లాపెట్టెలో వేశాక, మా మావయ్య జగన్నాధంగారు తన ఎడమపక్కనున్న బస్తాలో చెయ్యి పెడతారు. పిడికెడు మెంతులు తీసి సంచిలో వేసి, "నిలవుండాలి" అంటారు. దానికి తూకం లేదు, ధర లేదు. కొన్న మెంతులు వేస్తే ఆవకాయ ఏడాది నిలవదని శృంగవరపుకోటలో సగం మంది ఆడవాళ్ళు నమ్ముతారు. నమ్మని సగం మంది కూడా సంచి మూతి తెరిచే పట్టుకుంటారు.

కొత్తవలస నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చిన మొదటి వేసవిలో నేను ఉండబట్టలేక అడిగాను. మా పుట్టింటిదీ కిరాణా కొట్టే. మా నాన్న ఆవగింజ కూడా ఊరికే ఇచ్చే మనిషి కాదు.

"మెంతులు ఊరికే ఎందుకిస్తారు మావయ్యా?"

ఆయన నా మొహంలోకి వింతగా చూసి, "మెంతుల్లేకుండా ఆవకాయేటమ్మా?" అన్నారు. అంతకుమించి ఆ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ ఎవరూ మాట్లాడలేదు, 2018 ఎండాకాలం దాకా.

ఆ ఎండలు ముదురుతుండగా మా మరిది కామేష్ హైదరాబాదు నుంచి రెండు పెట్టెలతో, ఒక చక్రాల ఆఫీసు కుర్చీతో దిగాడు. వాడు పనిచేసే కంపెనీ మూతపడింది. ఆఖరి నెల జీతం బదులు ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారట. వీడి వాటాకి కుర్చీ వచ్చింది. దాన్ని కొట్టు వెనక గోదాములో చింతపండు బుట్టలకీ బెల్లం దిమ్మలకీ మధ్య వేసుకుని, ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టుకుని పొద్దంతా కూర్చునేవాడు. వీధిలో ఎవరైనా "సెలవులా బాబూ?" అని అడిగితే వాడికంటే ముందు మా అత్తయ్య పార్వతీదేవి జవాబు చెప్పేది.

"ఇంటికాడ నుంచే పని. ఇప్పుడు పెద్ద పెద్ద కంపెనీలన్నీ అలాగే సేయిస్తన్నాయి."

చెప్పి లోపలికొచ్చి, గిన్నెలు అవసరానికి మించి గట్టిగా తోమేది. కామేష్ తలొంచుకుని అన్నం తినేవాడు. రెండోసారి కూర వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. చిన్నప్పుడు పనసతొనల కోసం అన్నతో కలబడిన పిల్లాడు, సొంతింట్లో చుట్టంలా తినడం చూడలేక నేను మజ్జిగ గిన్నె కోసం లేచిపోయేదాన్ని. కాబట్టి వాడికి ఉద్యోగం రావాలని మా ఇంట్లో అందరం కోరుకున్నాం. ఏ విధంగా రావాలన్నది ఎవరం ఆలోచించలేదు.

ఒకరోజు మధ్యాహ్నం కొట్లో బేరాలు పలచబడ్డాక, నేను మజ్జిగ పట్టుకుని గోదాములోకి వెళ్ళాను. వాడు ఏదో రాస్తున్నాడు.

"ఏంటయ్యా, దరఖాస్తా?"

"దరఖాస్తులు ఎవడు చూస్తన్నాడు వదినా. ఉద్యోగాలిచ్చేవాళ్ళంతా లింక్డ్‌ఇన్‌లో ఉంటారు. అందులో మంచి పోస్టులు రాస్తే వాళ్ళే వెతుక్కుంటూ వస్తారు. ఎలా రాయాలో నేర్చుకుంటన్నాను."

"రాయడం కూడా నేర్చుకోవాలా? ఇంజనీరింగు చదివావు కదా."

"అది వేరు, ఇది వేరు. మొదటి వాక్యం చూడగానే బొటనవేలు ఆగిపోవాలి. రెండో వాక్యం చిన్నగా ఉండాలి. తరవాత ఒక లైను ఖాళీ. మళ్ళీ చిన్న వాక్యం."

"ఒడియాలు పెట్టినట్టు. ఒకదానికొకటి అంటుకోకూడదు."

వాడు చాలా రోజుల తరవాత నవ్వాడు. "అంతే అనుకో. ఆఖర్న ఒక ప్రశ్న అడగాలి. అప్పుడు అందరూ జవాబులు రాస్తారు. ఎంతమంది రాస్తే అంత పైకెళ్తాది."

అప్పటికే వాడు పొద్దున్నే లేవడం గురించి, ఓటమి నేర్పిన పాఠాల గురించి ఏవేవో రాసి ఉన్నాడు. వాటిని మెచ్చుకున్నది వాడి స్నేహితుడొకడు, నేను. నాకు ఖాతా తెరిచింది కూడా వాడే. నా పేరు కింద ఇంగ్లీషులో 'వ్యాపారవేత్త' అని పెట్టాడు. ఆ పూట నేను మినపగుళ్ళలో రాళ్ళు ఏరుతున్నాను.

ఆవకాయకి కొట్టే మామిడి కోతకాయ సంతకి రాగానే కొట్లో నిలబడడానికి చోటు లేకుండా అయింది. ఏటా లాగే ముందుగా వచ్చినవాళ్ళలో తవిటమ్మ ఉంది. ఆమెది కొండవార ఊరు. మా అత్తయ్యకంటే నాలుగేళ్ళు పెద్దదై ఉంటుంది. మావయ్య కొట్టు పెట్టినప్పటి నుంచి ఆమె ఇంకో కొట్టు గుమ్మం తొక్కలేదు. ఆవకాయ సరుకు పట్టుకెళ్ళిన నెలలోపు ఆమె పెరట్లోని పనసపండు మా ఇంటికొచ్చేది. దానికీ ధర లేదు. మెంతులకి బదులని ఆమె అనుకోలేదు, పనసకి బదులని మావయ్య అనుకోలేదు. ఇటునుంచి అది వెళ్ళేది, అటునుంచి ఇది వచ్చేది.

ఆ రోజు మావయ్య మెంతులు వేస్తుంటే, తవిటమ్మ సంచి పట్టుకుని నోరంతా తెరిచి నవ్వుతుంటే, కామేష్ గోదాము గుమ్మంలో నిలబడి ఫోటో తీశాడు. చక్కటి ఫోటో. గింజలు ఇంకా గాల్లోనే ఉన్నాయి.

"కాయ ముగ్గితే అట్టుకొస్తాను సావుకారూ. ఈయేడు పెద్ద కాయలు కాసింది సెట్టు," అని చెప్పి ఆమె వెళ్ళింది.

సాయంత్రం కామేష్ నన్ను పిలిచి పోస్టు చూపించాడు. ఇంగ్లీషులో రాశాడు. నాకు వచ్చిన కాస్త ఇంగ్లీషుకి అది ఇలా అర్థమైంది.

"మా నాన్న ఐదో తరగతి దాటలేదు.

ఏ బిజినెస్ స్కూలూ నేర్పని పాఠం నాకు నేర్పాడు.

ఆయన ప్రతి కస్టమరుకీ పిడికెడు మెంతులు ఊరికే ఇస్తాడు.

ఎందుకని అడిగాను.

ఆయన నవ్వాడు.

'నేను ఇచ్చేది మెంతులు కాదురా. వచ్చే ఏడాది బేరం కొంటున్నాను.'

మీ పిడికిట్లో ఏముంది?"

"మావయ్యగారు ఎస్సెల్సీ పాసయ్యారు కదయ్యా," అన్నాను.

"ఐదో తరగతైతే బాగా ఎక్కుతాది వదినా."

"ఈ మాట ఆయనెప్పుడన్నారు?"

"అనలేదు. కానీ ఎవరైనా నిలేసి అడిగితే ఇలాగే అంటారు కదా. వ్యాపారం కాకపోతే మరేంటది?"

నాకు నవ్వొచ్చింది. మాట బాగుంది కూడా. మా నాన్న వింటే మెచ్చుకునేవాడు. లైకు కొట్టి, వంటింట్లో పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళిపోయాను.

మర్నాటికి ఆ పోస్టు ఊళ్ళు దాటింది. బొంబాయి వాళ్ళు, ఢిల్లీ వాళ్ళు, పేర్లు పలకడం కూడా రాని దేశాల వాళ్ళు మా మావయ్యని మెచ్చుకున్నారు. 'ఈ తండ్రికి నమస్కారం' అని ఒకడు. 'మా మేనేజర్లందరికీ చూపించాను' అని ఇంకొకడు. కామేష్ గడ్డం గీసుకున్నాడు. అన్నం రెండోసారి అడిగి వడ్డించుకున్నాడు. గంటకోసారి నేనూ వాడూ లైకుల అంకె ఎంత పెరిగిందో చూసుకునేవాళ్ళం. వారం తిరక్కుండా బెంగళూరు నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఫోను చేశారు. వాళ్ళ యజమానికి మెంతుల మాట తెగ నచ్చిందట. ఒకసారి మాట్లాడారు. ఇంకో రెండుసార్లు మాట్లాడతామన్నారు. అత్తయ్య ఊరి అమ్మవారు ఎర్రకాలమ్మకి కొబ్బరికాయ మొక్కుకుంది.

"ఏటి రాసేవురా నా మీద?" అని మావయ్య ఒకసారి అడిగారు.

"మీ మంచితనం గురించి నాన్నా," అన్నాడు వాడు. ఆయన సిగ్గుపడి, భుజం మీద తువ్వాలు సర్దుకుని కొట్లోకి వెళ్ళిపోయారు.

మన ఊరివాళ్ళు ఎక్కడైనా ఉంటారు కదా. ఎవరో దాన్ని తెలుగులోకి మార్చి, ఫోటోతో సహా ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. విజయనగరం సరుకుకి వెళ్ళిన మా ఆయన రాంబాబు, బస్సులో అది చదువుకుని, మధ్యాహ్నం భోజనాల దగ్గర తండ్రి చేతికి ఫోను ఇచ్చారు. గొప్పగానే ఇచ్చారు పాపం. మావయ్య ఎడమచేత్తో కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"ఈ మాట నేనెప్పుడన్నాన్రా?"

కామేష్ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"బేరం కొనుక్కోడానికి ఇస్తన్నానా నేను?"

"తీసేస్తాను నాన్నా. ఇప్పుడే తీసేస్తాను," అని వాడు లేవబోయాడు. లేచి ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డాడు. తీసేస్తే బెంగళూరు వాళ్ళు ఏమనుకుంటారో అక్కడున్న అందరికీ తెలుసు. అత్తయ్య మావయ్య వైపే చూస్తోంది. ఆ చూపు నేనెరుగుదును. నా మొహంలోనూ అదే చూపు ఉండి ఉంటుంది.

మావయ్య మా అందరినీ ఒకసారి చూశారు.

"ఉండనీ," అన్నారు. "ఉద్యోగం వచ్చేదాకా ఉండనీ."

మజ్జిగ పోసుకోకుండా లేచారు. మేమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఆ ఊపిరి గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

తరవాతి రోజుల్లో కొట్టుకొచ్చే ఆడవాళ్ళు సంచి తెరిచి పట్టుకుంటూ హాస్యమాడడం మొదలుపెట్టారు. "ఏటి సావుకారూ, వచ్చే ఏడాదికి మమ్మల్ని కొనీసుకున్నట్టేనా?" వాళ్ళకది వేళాకోళమే. మావయ్య నవ్వినట్టు పెదాలు కదిపేవారు. పిడికెడు మెంతులు వేస్తూనే ఉన్నారు కానీ "నిలవుండాలి" అనడం మానేశారు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాకది మొదట తెలియలేదు. ఏదో లోటుగా ఉందని మాత్రం అనిపించేది.

తవిటమ్మ రెండోసారి వచ్చింది, గజపతినగరంలో ఉన్న కూతురింటికి సరుకు తీసుకోవడానికి. కొట్టు నిండా మనుషులు. కామేష్ వెనక నూనె డబ్బాల దగ్గర నిలబడి ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు. వస్తూనే "కోడలమ్మా, కాసిన్ని నీల్లియ్యి" అని చొరవగా అడిగే మనిషి, ఆ రోజు అడగలేదు. ఏమేం కావాలో చెప్పి, ఒక పక్కగా నిలబడింది. మావయ్య అన్నీ తూచారు, సర్దారు. నేను డబ్బు తీసుకున్నాను. ఆయన చెయ్యి అలవాటుగా బస్తాలోకి వెళ్ళింది. మెంతులు సంచిలో పడ్డాయి.

"సావుకారూ, ఒక మాటడుగుతాను. తప్పట్టుకోవు గదా?"

"అడుగు తవిటమ్మా."

"నీ కొట్లో నాను సంచట్టుకున్న బొమ్మ మా ఊర్ల కుర్ర గుంటలందరి పోన్లలోనూ ఉన్నాది. దాని కింద ఏటో రాసున్నాదంట. సదివి నవ్వతన్నారు. నీ సావుకారు నీకు మెంతులు ఎరేసి ఇన్నేళ్ళు గాలానికి కట్టుకున్నాడే అంతన్నారు. నాను కసిరేను. మా సావుకారు అలాటి మాటనడు, కిట్టనోలెవులో రాసుంతారని సెప్పేను." ఆమె బల్ల దగ్గరికి జరిగింది. "నువ్వన్నావేటి ఆ మాట?"

నేను వెనక్కి తిరిగి కామేష్ వైపు చూశాను. వాడు ఫోను కిందికి దించేశాడు. నోరు కొంచెం తెరుచుకుంది. 'నేను రాశాను, ఆయనన్లేదు' అంటే అయిపోయేది. అనవయ్యా, అను, అని నాలో నేను అరుచుకుంటున్నాను. వాడు నూనె డబ్బా మూత వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను మాత్రం అన్నానా? నాకూ నోరుంది.

మావయ్య మా ఇద్దరి వైపూ చూడలేదు.

"అన్నానమ్మా," అన్నారు.

"నువ్వే?"

"నేనే అన్నాను."

తవిటమ్మ తలాడించింది. సంచి ముందు గొంతుక్కూర్చుంది. మిరపకాయల మీద పడిన మెంతుల్ని రెండు చేతులతోనూ జాగ్రత్తగా పోగుచేసి, లేచి, కాటా మీద పోసింది.

"తూకమెయ్యి."

"తవిటమ్మా..."

"ఎయ్యి బాబూ. యాపారం యాపారమే గదా. తప్పేటున్నాది."

ఆయన కాటా వైపు చూశారు. అంకె చూసి ధర చెప్పారు. ఆమె రొంటినున్న సంచి విప్పి నోటు ఇచ్చింది. ఆయన మిగతా చిల్లర తిరిగిచ్చి, ఆ మెంతులు కాగితంలో పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టారు. ఏటా ఆమె సంచి మెట్ల దాకా మోసిపెట్టే మనిషి, ఆ రోజు బల్ల వెనకే ఉండిపోయారు. ఆమె తనే ఎత్తుకుని దిగి వెళ్ళిపోయింది.

సిగ్గుతో నాకు చేతిలో ఉన్న డబ్బు గల్లాపెట్టెలో వెయ్యడానికి కూడా చేతులు రాలేదు. ఇంతలో ఆమె వెనక నిలబడ్డ ఆవిడ, ఎటో చూస్తూ, "మాకు కూడా మెంతులు తూసీండి," అంది. ఆ తరవాతావిడ కూడా అదే మాటంది. సాయంత్రానికి మా కొట్లో మెంతులకి ధర ఏర్పడిపోయింది.

కొట్టు కట్టేవేళ కామేష్ తండ్రి దగ్గరికి వచ్చాడు.

"ఎందుకలా అన్నారు నాన్నా? అన్లేదని చెప్పాల్సింది."

"అన్లేదంటే మరెవుడన్నాడంటారు? అబద్ధమాడినోడివి నువ్వవుతావు. ఉద్యోగానికెల్లేవోడివి."

కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన గొంతులో కోపం కాదుకదా, నిష్ఠూరం కూడా లేదు. కామేష్ అక్కడే మెట్ల మీద కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"నేను తవిటమ్మ ఊరెళ్ళి ఉన్న సంగతి చెప్పొస్తాను మావయ్యా," అన్నాను. అప్పుడొచ్చింది నాకు నోరు.

"వద్దమ్మా. నలుగుర్లో అన్నానని సెప్పేను. ఇప్పుడు కోడల్ని పంపించి అన్లేదనిపిస్తానా?"

షట్టరు దింపుతున్న శబ్దంలో ఆ మాట సగమే వినిపించింది. కానీ నాకు సరిపోయింది.

ఉద్యోగం వచ్చింది. మంచి జీతం, బెంగళూరులో. కాగితం వచ్చిన రోజు అత్తయ్య ఎర్రకాలమ్మకి మొక్కు చెల్లించింది. వీధిలో అందరికీ చెప్పింది. ఇంటికొచ్చి, ఏటా లాగే కత్తీ నూనె గిన్నే గట్టు మీద పెట్టుకుంది, పనసపండు వచ్చే రోజులని. ఆ రోజులు గడిచాయి. పండు రాలేదు. రాంబాబుగారు సంతలో ఒకటి కొనుక్కొచ్చారు. తీపిగానే ఉంది. కామేష్ ఒక తొన తీసుకుని, కొరికి, మిగతాది పళ్ళెంలో పెట్టేసి చెయ్యి కడుక్కున్నాడు.

వాడు బయలుదేరేముందు, వాడికి కట్టివ్వడానికని అత్తయ్య ఇంటి ఆవకాయ మొదలుపెట్టింది. మా ఇంట్లో ఒక పద్ధతుంది. కొట్లోంచి ఇంటికెళ్ళే సరుకైనా సరే, కాటా మీద పడాల్సిందే. అత్తయ్య కూడా అందరితో పాటు బల్లకి ఇవతల నిలబడుతుంది. మావయ్య తూస్తారు, సర్దుతారు, పిడికెడు మెంతులు వేసి, భార్యతో కూడా ఎవరో పరాయి ఆవిడతో అన్నట్టు "నిలవుండాలి" అంటారు. అత్తయ్య ముసిముసిగా నవ్వుకుంటూ సంచి తీసుకుంటుంది. పెళ్ళయిన ఏటి నుంచీ అంతేనట.

ఆ రోజు కూడా ఆమె సంచి తెరిచి పట్టుకుంది. మావయ్య అన్నీ తూచారు. చెయ్యి బస్తాలోకి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉంది. ఖాళీగా పైకి వచ్చింది. దాన్ని తువ్వాలుకి తుడుచుకుని, "తీసుకెల్లు. తూకాలన్నీ అయిపోయాయి," అన్నారు.

అత్తయ్య సంచి మూసుకోలేదు. అలాగే తెరిచి పట్టుకుని నిలబడింది.

అప్పుడు కామేష్ వెనక నుంచి వచ్చాడు. బస్తాలో చెయ్యి పెట్టి, పిడికెడు మెంతులు తీసి, తల్లి పట్టుకున్న సంచిలో వేశాడు.

"నిలవుండాలి," అన్నాడు.

మావయ్య అత్తయ్య చేతుల్లోంచి సంచి నెమ్మదిగా తీసుకుని, మళ్ళీ కాటా మీద పెట్టారు. పెరిగిన అంకె చూసి నావైపు తిరిగారు.

"మెంతులు కూడా లెక్కలో ఏసుకో అమ్మా."

నేను వేసుకున్నాను. ఇంకేం చెయ్యను? కామేష్ బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

బెంగళూరు ఆఫీసులో కొత్తగా చేరేవాళ్ళకి ఆ మెంతుల కథ వాడిచేతే చెప్పిస్తారట. ఒకసారి మాటల్లో అని, వెంటనే వేరే సంగతి ఎత్తుకున్నాడు. నేనూ తరిచి అడగలేదు.

దసరాలకి ముందు ఫోను చేసి, "ఆవకాయ ముక్క ఇంకా మెత్తబడలేదు వదినా, అమ్మకి చెప్పు," అన్నాడు. చెప్పాను. అత్తయ్య సంతోషపడింది. లెక్కలో పడ్డ మెంతులతో పెట్టినా మా జాడీలోదీ అంతే, మళ్ళీ కోతకాయ వచ్చేదాకా రంగు చెడలేదు, వాసన చెడలేదు. వడ్డించినప్పుడల్లా మావయ్య మాట్లాడకుండా కలుపుకుని తినేవారు. అది బూజు పట్టిపోయినా బాగుండేదని నాకు మాత్రం మూత తీసిన ప్రతిసారీ అనిపించేది.